కోదాడ ఆరో నంబరు

చాలా రోజుల పాటు నేను దాన్ని పొరపాటు అనే అనుకున్నాను. పొరపాటు జరిగిన మాట నిజమే. ఒక మధ్యాహ్నం, అన్నాలు తిన్నాక, పది నిమిషాల్లో జరిగిపోయింది. ఆ తర్వాత నేను చేసినవాటికి మాత్రం ఆ మాట సరిపోదు.

అప్పుడు నేను సూర్యాపేటలో, పశువుల ఆరోగ్యం చూసే ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడు ఊళ్లలో మూడు ఆఫీసులు. మా సూపర్‌వైజర్లు పల్లెలు తిరిగి ఎవరింట్లో ఎన్ని బర్లున్నాయి, ఎవరికెన్ని గొర్లున్నాయి, ఏ టీకా ఎప్పుడు పడింది అని రాసుకొచ్చేవాళ్లు. దాన్ని ల్యాప్‌టాప్‌లో ఎక్కించి హైదరాబాద్ హెడాఫీసుకు పంపేవాళ్లు. ఆ ల్యాప్‌టాప్‌ల మంచిచెడ్డలన్నీ నావే. అంతకు ముందు బస్టాండు దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో నెల నెలా బ్యాచీలకు టైపింగూ ఎక్సెలూ చెప్పుకునేవాణ్ణి. ఇక్కడికొచ్చాక నన్ను అందరూ "సిస్టమ్ సార్" అనడం మొదలుపెట్టారు. నాకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా లేచి కుర్చీ ఇచ్చేవాళ్లు. ఆ పిలుపు నాకు బాగా ఎక్కింది.

మూడు ఆఫీసుల్లో కలిపి నలభై పైచిలుకు ల్యాప్‌టాప్‌లు. ఒక్కోదానికి ఒక్కో పేరు. కొన్నింటికి కంపెనీ నుంచి వచ్చిన అక్షరాలూ అంకెలూ కలగలిసిన పేరే ఉండిపోయింది. కొందరు సొంత పేరు పెట్టుకున్నారు, కొందరు బిడ్డల పేర్లు. మిర్యాలగూడలో ఒకాయన తన ఎద్దు పేరు పెట్టుకున్నాడు. ఒకే పేరుతో మూడు కూడా ఉండేవి. పైగా ఆఫీసుకంతా కలిపి ఒకటే లాగిన్. ఏదన్నా లిస్టు తప్పుగా వస్తే అది ఎవరు పంపారో హెడాఫీసులో తెలిసేది కాదు.

2011లో, ఎండలు ముదరకముందు, పై నుంచి ఉత్తరువు వచ్చింది. అన్ని ల్యాప్‌టాప్‌లకూ ఒక పద్ధతి ప్రకారం పేర్లు ఉండాలి. ఊరికి మూడు ఇంగ్లీషు అక్షరాలు, ల్యాప్‌టాప్ అనడానికి రెండు, ఆ తర్వాత మూడంకెల నంబరు. ఇకనుంచి ఏ లిస్టు వచ్చినా దాని పక్కన కంప్యూటర్ పేరు పడుతుంది, పేరును బట్టి మనిషిని పట్టుకోవచ్చు.

ఆ పని నాకు పండగలా అనిపించింది. నేనే ఒక కాగితం తయారుచేశాను. స్టిక్కరు మీది పేరు, లోపలి పేరు, రెండూ సరిచూసినట్టు నా టిక్కు, ల్యాప్‌టాప్ వాడే మనిషి సంతకం. కింద ఒక లైను కూడా రాశాను: "స్టిక్కరు మీది పేరూ కంప్యూటర్‌లో చూపే పేరూ ఒకటేనని చూసుకున్నాకే సంతకం చేయగలరు." లోపలి పేరు ఎక్కడ చూడాలో అందరికీ పంచడానికి బొమ్మలతో ఇంకో కాగితం వేశాను. మా కోఆర్డినేటర్ అవి చూసి, "గిట్ల చేస్తేనే పని అంటరు," అని నా భుజం తట్టాడు.

కోదాడలో పన్నెండు ల్యాప్‌టాప్‌లు. పొద్దున్నే బస్సుకు పోయి, వాటన్నింటినీ పొడుగు బల్ల మీద వరసగా పెట్టించాను. ముందు ఒక్కోదాన్ని తిరగేసి అడుగున స్టిక్కరు అంటించాను. తర్వాత వరసలో మొదటి నుంచి పేర్లు మార్చుకుంటూ, రీస్టార్ట్ చేసుకుంటూ వచ్చాను. అయిదు ల్యాప్‌టాప్‌లు అయ్యేసరికి అన్నాల వేళ అయింది. సిస్టమ్ సార్ వచ్చాడని ఆ రోజు కోడికూర వండించారు. విస్తళ్లు వేయడానికి బల్ల ఖాళీ కావాలని ఎవరో ల్యాప్‌టాప్‌లు తీసి కిటికీ గట్టు మీద పెట్టారు. తిన్నాక మళ్లీ బల్ల మీదికి తెచ్చారు. చేయాల్సినవి ఏడు మిగిలాయి. అన్నీ ఒకటే మోడలు, నల్లవి. నేను మళ్లీ తిరగేసి స్టిక్కరు చూడలేదు. వరస అట్లాగే ఉందనుకొని పేర్లు కొట్టేశాను. చివర్లో సరిచూడాల్సిన గళ్లలో పన్నెండు టిక్కులూ ఒక్కసారే, గీత గీసినట్టు పెట్టేసి, సంతకాలు చేయించి పంపండని చెప్పి, నాలుగింటి బస్సు పట్టుకున్నాను.

నా కాగితంలో నేనే రాసిన లైనును నేనే పట్టించుకోలేదు. ఆమె ఒక్కతే పట్టించుకుంది.

ఆమె కోదాడ ఆఫీసులో సూపర్‌వైజరు. నలభై దాటిన మనిషి. పుట్టిల్లు మాడుగులపల్లి దిక్కు. తల్లీ తండ్రీ నాట్లకూ కోతలకూ పోయి ఆమెను పది దాకా చదివించారట. పెళ్లయి కోదాడకు వచ్చాక రాత్రిబడిలో పంతులమ్మగా చేసి, అక్కడినుంచి మా సంస్థలోకి వచ్చింది. ఎప్పుడూ చేతిలో ఒక పొడుగు నోటుబుక్కు. మీటింగులో నేను ఏం చెప్పినా రాసుకునేది. పేరు మార్చే రోజు కూడా, "పేరు మారిస్తే లోపల నేను ఎక్కించిన లిస్టులు ఏమన్న పోతయా సార్?" అని అడిగింది. "ఏం పోవు మేడం, మీరు పెండ్లయినంక ఇంటిపేరు మార్చుకోలేదా? గంతే," అన్నాను. అందరూ నవ్వారు. ఆమె నవ్వి, అది కూడా రాసుకుంది.

వారం తర్వాత ఫోను చేసింది.

"సార్, నా దాని కింద స్టిక్కరు ఆరు ఉంది. లోపల తొమ్మిది అని చూపిస్తాంది. సంతకం పెట్టాల్నా వద్దా?"

నేనప్పుడు ఏదో ప్రింటరు ముందేసుకుని కూర్చున్నాను. పక్కన ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లు వినాలనే కొంచెం గట్టిగా అన్నాను.

"మేడం, ల్యాప్‌టాప్ ఒకసారి తిప్పి సూడుండ్రి. ఆరును తలకిందులు సూస్తే తొమ్మిదే కనపడతది."

పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఫోనులో ఆమెకు వినపడే ఉంటుంది. "దాని ముందల అక్షరాలు కూడ ఉన్నయి కద సార్. అవి తలకిందులుగ లేవు," అంది మెల్లగా.

"సరే సరే, ఈసారి వచ్చినప్పుడు నేను సూస్తా," అని పెట్టేశాను.

చూడలేదు. కోదాడ నుంచి కాగితం వచ్చింది. పదకొండు సంతకాలున్నాయి, ఆరో వరసలో ఖాళీ. ఫైల్లో పెట్టేశాను. ఆరూ తొమ్మిదీ కథను మాత్రం మిర్యాలగూడలో చెప్పాను, సూర్యాపేటలో ఇంకో రెండుసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కొంచెం కారం కలిపాను. మూడో సారికి ఆమె నిజంగానే ల్యాప్‌టాప్‌ను తలకిందులు పట్టుకుని చూసినట్టు అయిపోయింది.

చిటుక రోగం గురించి గొర్లు మేపేవాళ్లకు చెప్పనక్కర్లేదు. తొలకరి పడి పచ్చగడ్డి మొలిచినప్పుడు ఆశగా మేసిన గొర్రె నిలబడ్డచోటే పడి చచ్చిపోతుంది. మందు పోసే టైము కూడా ఉండదు. వానలకు ముందే టీకా వేసుకోవాలి. మా వాళ్లు ఎండాకాలం చివర్లో ఊరూరు తిరిగి మందలకు ఆ టీకా వేయించి, ఎక్కడెక్కడ అయిందో లిస్టు పంపుతారు.

ఆ ఏడు పాలకీడు దిక్కు ఒక చిన్న ఊళ్లో ఒకే ఇంటివాళ్ల మందలో మూడు రోజుల్లో ఇరవై దాకా గొర్లు పడిపోయాయి. టీకా అయిన ఊళ్ల లిస్టులో ఆ ఊరు పేరుంది. ఆ ఇంటివాళ్లేమో మా దగ్గరికి ఎవరూ రానే లేదంటున్నారు. పోకుండానే పోయినట్టు రాశారన్నమాట. ఎవరు రాశారు? పాలకీడు పల్లెల్ని కోదాడ ఆఫీసులో ఇద్దరు పంచుకునేవాళ్లు. ఒకరు ఆమె, ఇంకొకరు తొమ్మిదో నంబరు ల్యాప్‌టాప్ వాడే ఒక మగ సూపర్‌వైజరు. ఏ ఊరు ఎవరిదన్నది నోటిమాటే, రాతలో లేదు. హెడాఫీసు వాళ్లు లిస్టు పక్కన కంప్యూటర్ పేరు చూశారు. కోదాడ ఆరు.

మా కోఆర్డినేటర్ మర్నాడే ఇద్దరినీ సూర్యాపేటకు పిలిపించాడు. రమ్మన్న ఫోను వచ్చేసరికి ఆమె ఊళ్లో ఉందట, అక్కడినుంచి అట్లాగే బస్సెక్కి వచ్చింది. ల్యాప్‌టాప్ తేలేదు. ఆఫీసు హాల్లో పదిమందిమి కూర్చున్నాం. కోఆర్డినేటర్ సమాచారమంతా చదివి, "ఏందమ్మా ఇది?" అన్నాడు.

"నేను ఆ ఊరికి పోలేదు సార్. పోయిన్నని రాయనూ లేదు. ఆ ఊరు నా వంతు కాదు."

"మరి లిస్టు నీ ల్యాప్‌టాప్ నుంచి వచ్చింది గద. కోదాడ ఆరు నీదే గద."

"స్టిక్కరు ఆరే సార్. లోపల పేరు తొమ్మిది. అప్పుడే సిస్టమ్ సార్‌కు ఫోను చేసి చెప్పిన."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. "ఆ తిప్పి సూసుడు కతనా?" అన్నారు ఇంకెవరో. నవ్వు బల్ల చుట్టూ తిరిగింది. కోఆర్డినేటర్ కూడా మూతి బిగించుకున్నాడు, ఆ కథ ఆయనకూ నేనే చెప్పాను. ఆమె ఎవరివైపూ చూడలేదు. నావైపే చూస్తోంది. నేను చెబుతానని ఎదురుచూస్తోంది.

కోఆర్డినేటర్ నన్నడిగాడు, "ఏమయ్యా, పేర్లు సరిగ్గనే పెట్టినవా?"

నాకు అన్నీ గుర్తొచ్చాయి. ఫోనూ గుర్తొచ్చింది, విస్తళ్లూ కిటికీ గట్టూ గుర్తొచ్చాయి. అసలేం జరిగి ఉంటుందో ఆ క్షణంలోనే నాకు అర్థమైపోయింది. అయినా నా నోరు, "అన్ని చెక్ చేసిన సార్. ఇగో టిక్కులు," అంది. నా చేయి ఫైలు తీసి కాగితం ముందుకు జరిపింది.

ఆయన దాన్ని చూసి, "నీ సంతకమే లేదేందమ్మా ఇండ్ల?" అన్నాడు ఆమెతో.

"పేర్లు కలవలే కాబట్టే పెట్టలే సార్."

"అందరు పెట్టిండ్రు. నీకొక్కదానికే కలవలేదా?"

ఆమె పక్కనే కూర్చున్న ఆ మగ సూపర్‌వైజరు తల వంచుకుని గోళ్లు చూసుకుంటున్నాడు. అతనికి నిజం తెలుసు. నాకూ తెలుసు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

చివరికి కోఆర్డినేటర్, "రేపు పొద్దున నువ్వు కోదాడకు పోయి ఆ రెండు ల్యాప్‌టాప్‌లు సూసి నాకు చెప్పు," అన్నాడు నాతో. ఆమె మొహంలో కొంచెం తెరిపి కనిపించింది. యంత్రం అబద్ధం చెప్పదనుకుంది కాబోలు.

మర్నాడు మొదటి బస్సుకే పోయాను. ఆఫీసు అప్పుడే తెరుస్తున్నారు, ఊడ్చే ఆమె తప్ప ఎవరూ రాలేదు. బీరువాలోంచి రెండు ల్యాప్‌టాప్‌లు తీసి తిరగేశాను. ఆరు స్టిక్కరు ఉన్నదాంట్లో లోపల తొమ్మిది. తొమ్మిది స్టిక్కరు ఉన్నదాంట్లో ఆరు. ఫోనులో ఆమె చెప్పినట్టే ఉంది.

ఆ రెండు తెరల ముందు నేను ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. కోఆర్డినేటర్‌కు ఒక ఫోను చేస్తే అయిపోయేది. "సార్, తప్పు నాది," అంటే తిట్టేవాడు. నా మీద నవ్వేవాళ్లు, అంతే. కానీ నిన్న పదిమంది ముందు టిక్కులు చూపించినవాణ్ణి ఈ రోజు ఆ మాట ఎట్లా అనాలి? సిస్టమ్ సార్ అనే పిలుపు ఏమైపోతుంది? ఆ భయం నాకు నిజంగా వేసింది. ఇప్పుడు రాస్తుంటే నమ్మబుద్ధి కాదు గానీ, ఇరవై గొర్లూ, ఆమె ఉద్యోగమూ ఒకవైపు, నా పిలుపు ఒకవైపు, నాకు నా పిలుపే పెద్దదిగా కనిపించింది.

రెండు ల్యాప్‌టాప్‌ల పేర్లూ సరిచేశాను. ఆరును ఆరుగా, తొమ్మిదిని తొమ్మిదిగా.

రెండోది రీస్టార్ట్ అవుతుండగా ఆమె వచ్చింది. గుమ్మంలో నిలబడి తెరను చూసింది. పేరు మార్చాకే యంత్రం అట్లా ఆగి మళ్లీ మొదలవుతుందని ఆమెకు నేర్పింది నేనే. లోపలికొచ్చి తన ల్యాప్‌టాప్ ముందు నిలబడి, నా కాగితంలోని బొమ్మల ప్రకారమే నొక్కుకుంటూ పోయి పేరు చూసుకుంది.

"మార్చిండ్రా సార్?"

"లేదు మేడం. ఇదే ఉంది."

ఆమె కాసేపు నన్ను అట్లాగే చూసింది. కోపం కాదది. బడిలో పిల్లవాడు అబద్ధమాడుతుంటే పంతులమ్మలు చూస్తారే, చెబుతాడేమోనని కొంచెం టైమిస్తూ, అట్లా చూసింది. నేను వైర్లు చుట్టుకుంటూ ఉండిపోయాను. ఆమె ల్యాప్‌టాప్ మూసి, మూల కుర్చీలోకి పోయి కూర్చుంది.

"రెండూ స్టిక్కర్ల ప్రకారమే ఉన్నయి సార్," అని కోఆర్డినేటర్‌కు ఫోనులో చెప్పాను. ఆ మాట నిజమే. అట్లాంటి నిజాలు వెతుక్కోవడం అప్పటికి నాకు వచ్చేసింది.

రెండు రోజులకు కోఆర్డినేటర్ ఆమెను తీసుకుని ఆ ఊరికి పోయాడు. ల్యాప్‌టాప్‌లో లిస్టు చూపించడానికి నన్నూ జీపులో ఎక్కించుకున్నాడు. ఆ ఇల్లు ఊరి చివర ఉంది. ఇంటి వెనక ముళ్లకంప దొడ్డి. సగం ఖాళీ. మిగిలిన గొర్లు ఒక మూలకు ఒదిగి ఉన్నాయి. కొడుకు మేపుకు పోయాడట, ఇంట్లో ముసలావిడ ఉంది. మాకు మంచం వాల్చి, మంచినీళ్లు ఇచ్చి, అప్పుడు అడిగింది ఆమెను.

"నువ్వేనా బిడ్డా, టీక ఏసినమని రాసింది? నిన్ను మేం సూడనే సూడలేదు గద. రాకుంటనే ఎట్ల రాస్తివే తల్లీ? నువ్వొచ్చి ఏస్తవని మేం పట్నం దవాఖానకు గూడ తోలకపోతిమి."

నేను ఒళ్లో ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాను. దాంట్లో ఆ ఊరి పేరు, ఆ ఇంటి పేరు, గొర్ల సంఖ్య, టీకా పడిన తేదీ, పక్కన కంప్యూటర్ పేరు. ఎండకు తెర సరిగ్గా కనిపించడం లేదు. ఆమె నావైపు ఒకసారి చూసింది. ఇప్పుడైనా చెబుతాననుకుందేమో. కోఆర్డినేటర్ గొంతు సవరించుకున్నాడు. ఆమె ముసలావిడ ముందు గొంతుకూర్చుని రెండు చేతులూ పట్టుకుంది.

"తప్పయింది అవ్వా. మేం రావాలె. రాలేదు. తప్పయింది."

ముసలావిడ ఏడ్చింది. ఆమె కూడా ఏడ్చింది. నేను ల్యాప్‌టాప్ మూసేశాను. తిరిగొచ్చేటప్పుడు జీపులో కోఆర్డినేటర్ తృప్తిగా, "ఒప్పుకున్నది, మంచిదే," అన్నాడు. ఆమె వెనక సీట్లో, నా పక్కనే ఉంది. ఒప్పుకోలేదనీ అనలేదు, ఒప్పుకున్నాననీ అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆమెను ఊళ్లు తిరిగే పని నుంచి తీసేసి, మందుల స్టోరులో సీసాలు లెక్కపెట్టే పనిలో వేశారు. పదిహేను రోజులు చేసి రాజీనామా రాసిచ్చింది.

ఆ తర్వాత నాకు తిండి సహించలేదు, నిద్ర పట్టలేదు అని రాస్తే బాగుంటుంది. కానీ మంచిగానే తిన్నాను, మంచిగానే పడుకున్నాను. కోదాడ ఆఫీసుకు పోవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఏదో సాకు చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఆరూ తొమ్మిదీ కథ ఎవరన్నా ఎత్తితే లేచి బయటికి పోయేవాణ్ణి. ఒక రోజు మాత్రం ఉండబట్టలేక కోఆర్డినేటర్ గదిలోకి పోయి తలుపు దగ్గరికేసి మొత్తం చెప్పేశాను.

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. 

"ఇప్పుడా చెప్పేది? రిపోర్టు పోయింది, ఆమె పోయింది, అంత ఖతమైంది. ఇప్పుడు నువ్వు లేపితే నీ నౌకరి పోతది, నేను సంతకం పెట్టిన కాబట్టి నా మెడకూ చుట్టుకుంటది. ఊకో. పరేషాన్ గాకు. పోయి పని సూసుకో."

నేను "సరే సార్" అని బయటికొచ్చాను. మెట్లు దిగుతుంటే నాకు ఎంత హాయిగా అనిపించిందో! పెద్దాయనకు చెప్పేశాను, ఆయనే వద్దన్నాడు, ఇక నా బాధ్యత తీరిపోయింది అనుకున్నాను. హోటల్‌కు పోయి చాయ్ తాగాను. జరిగినవాటన్నిటిలోకీ ఆ చాయ్ గుర్తొచ్చినప్పుడే నాకు ఎక్కువ సిగ్గేస్తుంది. మీటింగులో అబద్ధం భయంతో ఆడాను. చాయ్ మాత్రం సంతోషంగా తాగాను.

వానలు తగ్గుముఖం పట్టాక ఆమె ల్యాప్‌టాప్ నా దగ్గరికి వచ్చింది. కొత్తగా చేరిన మనిషికి ఇవ్వాలి, లోపలిదంతా తుడిచేసి సిద్ధం చేయాలి. పొద్దున పదకొండు గంటలప్పుడు బ్యాగు జిప్పు తీసి ఛార్జరు కోసం చేయి పెట్టాను. అడుగున మడతపెట్టిన కాగితం తగిలింది. నేను బొమ్మలు వేసి పంచిన కాగితమే. వెనకవైపు పెన్సిలుతో ఆమె రాత, గుండ్రంగా, పలక మీద రాసినట్టు ఉంది. ఫోను చేసిన రోజు తేదీ. దాని కింద: "స్టిక్కరు ఆరు. లోపల తొమ్మిది. సిస్టమ్ సార్‌కు చెప్పిన. తిప్పి చూడమన్నరు. తిప్పి చూసిన. తేడానే ఉంది."

తిప్పి చూసిన, అని రాసుకుంది. నా వెటకారాన్ని కూడా ఆమె సలహాగానే తీసుకుని, అది కూడా చేసి చూసింది. నేను మూడు ఊళ్లలో కల్పించి చెప్పుకుని నవ్వించిన పని ఆమె నిజంగానే చేసింది, నా మాట మీద మర్యాదతో.

ఆ కాగితం చింపేద్దామనిపించింది. అబద్ధం ఎందుకు, నిలువునా మడిచి చింపడానికి పట్టుకున్నాను కూడా. చింపలేకపోయాను. చాలాసేపటికి హెడాఫీసుకు మెయిలు రాయడం మొదలుపెట్టాను. ఏ రోజు ఏం చేశానో వరసగా రాశాను. విస్తళ్ల దగ్గర మొదలుపెట్టి, కోదాడలో పొద్దున్నే పేర్లు మార్చిన దాకా. కోఆర్డినేటర్‌కు చెప్పిన సంగతి మొదట రాయలేదు, తర్వాత అదీ చేర్చాను. ఆ కాగితం స్కాన్ చేసి జతపరిచాను. పంపించేశాను.

హైదరాబాద్ నుంచి ఇద్దరొచ్చి విచారించారు. ఆ మగ సూపర్‌వైజరును అడిగితే, "అప్పుడు చాలా ఊళ్లు ఒక్కసారి ఎక్కించిన, గుర్తులేదు సార్," అన్నాడు. అతనికి ఒక హెచ్చరిక కాగితం ఇచ్చి వదిలేశారు. కోఆర్డినేటర్‌ను వేరే జిల్లాకు మార్చారు.  నా కాంట్రాక్టు ఏడాది చివరికి అయిపోతే మళ్లీ పొడిగించలేదు. పాలకీడు దిక్కు ఆ ఇంటికి సంస్థ తరఫున గొర్రెపిల్లలు ఇప్పించారు. ఆమెకు ఒక ఉత్తరం పంపారు, జరిగినదానికి చింతిస్తున్నామని, మళ్లీ చేరవచ్చని. ఆమె చేరలేదు.

మిర్యాలగూడలో ఒక పశువుల మందుల షాపులో పనిచేస్తోందని తెలిసింది. పోవాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడి, చివరికి ఒక పొద్దున బస్సెక్కాను. రైసు మిల్లుల పక్క రోడ్డు మీద షాపు. కౌంటరు వెనక ఆమె ఒక డబ్బా మీద అక్షరాలు చదివి ఎవరికో చెబుతోంది. నన్ను చూసి గుర్తుపట్టి, "రాండ్రి సార్," అంది. మామూలుగానే అంది. స్టూలు చూపించింది.

నేను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను. ఇంట్లో అద్దం ముందు అనుకుని పోయినవన్నీ చెప్పాను. ల్యాప్‌టాప్‌ల వరస ఎట్లా మారిందో, నేనెందుకు భయపడ్డానో, మెయిలు ఎట్లా రాశానో. ఆమె అడ్డు రాకుండా వింది.

"ఆ పొద్దున నేను వచ్చేసరికి మీరు మారుస్తున్నరని నాకు తెలుసు సార్," అంది చివరికి. "అప్పటికంటే నాకు మీటింగుల కష్టమైంది. మీరు గుర్తులేదు అన్నా సరిపోయేది. విచారణల ఆ సూపర్‌వైజరు అట్లనే అన్నడట కద. నాకు చెడు చేయకుండ కూడ మీరు తప్పించుకునేటోళ్లు. చెక్ చేసిన్నని అన్నరు."

 నన్ను చాన్నాళ్లుగా తొలుస్తున్నది అడిగాను. "ఆ ముసలామె ముందల మీరెందుకు ఒప్పుకున్నరు మేడం? మీరు చేయలేదు గద."

"నేను ఒప్పుకోలే. మేం రాలేదు, తప్పయింది అన్న. రాలేదు కద మనం?" ఆమె డబ్బా మూత బిగిస్తూ అంది. "ఆమెకు ఎవరో ఒకరు చెప్పాలె కద సార్. గొర్లు పోయినోళ్ల ఇంటికి పోయి ఎవరూ ఏం అనకుండ వస్తరా? మీరు చెప్పరని జీపు దిగంగనే తెలిసింది."

అప్పుడే ఒక రైతు వచ్చాడు. గొర్రెపిల్లలకు పారుడు, అదే విరేచనాలు, పట్టుకుందట. నేను కౌంటరుకు అడ్డంగా ఉన్నాను. "జర పక్కకు జరుగుండ్రి సార్," అని, ఆయనతో పిల్లలు ఎన్ని నెలలవి, ఏం మేపుతున్నావు అని అడగడం మొదలుపెట్టింది. ఆయన వెనక ఇంకో ఇద్దరు నిలబడ్డారు. నేను పక్కకు జరిగి కాసేపు ఉన్నాను. ఆమె పనిలో పడిపోయింది. "వస్త మేడం," అన్నాను. విందో లేదో తెలియదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. గుండె కొంచెం తేలికయినట్టే ఉంది. షాపులో మాట్లాడిందంతా ఒకసారి మొదటి నుంచి గుర్తు చేసుకున్నాను. ఎట్లా జరిగిందో చెప్పాను, ఎందుకు జరిగిందో చెప్పాను. నన్ను క్షమించమని మాత్రం అనలేదు. చెప్పాల్సింది ఆ ఒక్క మాటే, దాని కోసమే అంత దూరం పోయాను. ఆ మాట తప్ప అన్నీ చెప్పి వచ్చాను.

బస్సు అప్పటికి మూసీ వంతెన మీదికి వచ్చింది. దిగి వెనక్కి పోవచ్చు, వెనక్కి పోయే బస్సులు బోలెడున్నాయి. కండక్టరు నా పక్కనే నిలబడి టికెట్లు కొడుతున్నాడు. ఆపమని అడగడానికి నోరు తెరిచాను. నా ముందు సీటులో కూర్చున్నవాళ్లు తిరిగి నన్ను చూశారు. మధ్యలో బస్సు ఆపిస్తే అందరూ ఏమనుకుంటారోననిపించింది. నోరు మూసుకుని సూర్యాపేట దాకా కూర్చున్నాను.